తలనొప్పికి కాలేయం పణమా?

పార్శ్వనొప్పి వచ్చినప్పుడు వెలుతురు పడదు, చప్పుడు పడదు, కడుపులో తిప్పుతుంది. నెలలో నాలుగైదు రోజులు ఇలా చీకటి గదిలో గడిపే మనిషికి ఎవరు ఏ మందు పేరు చెప్పినా ఆశ పుడుతుంది. అది మూలిక అని తెలిస్తే ఆశకు ధైర్యం కూడా తోడవుతుంది. అలా వినిపించే పేర్లలో బటర్‌బర్ ఒకటి. యూరప్‌లో వాగుల పక్కన తడినేలల్లో పెరిగే మొక్క ఇది. దాని పెద్ద పెద్ద ఆకుల్లో ఒకప్పుడు అక్కడివాళ్లు వెన్న చుట్టిపెట్టేవారట. ఇంగ్లిషు పేరు అలా వచ్చిందంటారు. వేరు, దుంపల సారాన్ని పార్శ్వనొప్పి రాకుండా ఆపడానికీ, ఆకు సారాన్ని పుప్పొడి తుమ్ములు తగ్గించడానికీ మాత్రలుగా వాడతారు. అమెరికాలో దీన్ని కొనడానికి డాక్టరు చీటీ అక్కర్లేదు. వసంతం రాగానే పుప్పొడితో సతమతమయ్యే తెలుగువాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. వాళ్ల పెట్టెల్లో ఒక సీసా ఇక్కడి అమ్మానాన్నల దాకా రావడం కష్టమేమీ కాదు. కాబట్టి దీన్ని జాగ్రత్తగా ఎలా వాడాలన్నది మనకూ సంబంధించిన ప్రశ్నే. ఇప్పుడున్న ఆధారాలను బట్టి నా జవాబు ఒక్కటే: వాడకపోవడమే జాగ్రత్త.

ఇది పనిచేయని మందని నేను అనడం లేదు. 2004లో న్యూరాలజీ పత్రికలో వచ్చిన పరీక్షలో 245 మంది పార్శ్వనొప్పి రోగులు పాల్గొన్నారు. రోజుకు రెండుసార్లు 75 మిల్లీగ్రాముల చొప్పున తీసుకున్నవారిలో నొప్పి వచ్చే సార్లు 48 శాతం తగ్గాయి. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 26 శాతం తగ్గాయి. పుప్పొడి అలర్జీ మీద 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన పరీక్షలో 125 మందికి రెండు వారాల పాటు ఆకు సారాన్నో, మనందరికీ తెలిసిన సెటిరిజిన్‌నో ఇచ్చి చూస్తే రెండూ దాదాపు సమానంగా నిలిచాయి. వీటిని తోసిపుచ్చలేం. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2012లో పార్శ్వనొప్పి నివారణకు ఈ మూలికను అత్యున్నత స్థాయి ఆధారాలున్న వాటిలో చేర్చింది. అదే అకాడమీ 2015లో ఆ సిఫారసును వెనక్కి తీసుకుంది. మందు పనిచేయడం మానేసి కాదు, కాలేయం గురించిన భయంతో.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒక మందు పనిచేస్తుందా అన్నది ఒక ప్రశ్న, దానితో హాని లేదా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి రెండు మూడు వందల మంది, నాలుగు నెలల కాలం సరిపోవచ్చు. రెండోదానికి చాలదు. ఆ 245 మందిలో మూడోవంతు వేసుకున్నది ఉత్తుత్తి మాత్రలు. మిగిలిన దాదాపు 160 మందిలో ఒక్కరి కాలేయమూ దెబ్బతినలేదనుకుందాం. లెక్క ప్రకారం దాన్నిబట్టి గట్టిగా చెప్పగలిగేది, ప్రమాదం యాభై మందిలో ఒకరికి మించి ఉండకపోవచ్చని మాత్రమే. పదివేల మందిలో ఒకరికి వచ్చే ముప్పు అంత చిన్న గుంపులో కంటికి కనిపించదు. అది బయటపడేది మందు బజారులోకి వచ్చి లక్షల మంది చేతుల్లో పడ్డాకే. బటర్‌బర్ విషయంలో జరిగిందీ అదే. సుమారు 40 కాలేయ సమస్యలు నమోదయ్యాయి. అందులో తొమ్మిది తీవ్రమైన హెపటైటిస్, రెండు కాలేయ మార్పిడి దాకా వెళ్లినవి. 2009లో జర్మనీ అనుమతిని కొనసాగించలేదు. 2012లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ ఈ ఉత్పత్తులను మార్కెట్ నుంచి తీసేయమంది.

లక్షల మంది వాడితే నలభై ఏమంత లెక్క అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ నమోదైనవే నలభై. కామెర్లతో ఆస్పత్రికి వచ్చిన మనిషి తాను మింగుతున్న మూలిక సంగతి చెప్పాలి, డాక్టరు అడగాలి, అడిగినది రాసి పంపాలి. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా ఆ కేసు లెక్కలోకి రాదు. పైగా పార్శ్వనొప్పి మనిషిని ఎంతగా పీడించినా మామూలుగా ప్రాణం తీసేది కాదు, తుమ్ములైతే అసలే కాదు. ప్రొప్రానలాల్, అమిట్రిప్టిలిన్, టోపిరమేట్ వంటి నివారణ మందులు ఉండగా, కాలేయాన్ని పణంగా పెట్టమనడానికి ఆ లాభం చాలదు.

తరతరాలుగా వాడుతున్న మొక్క కదా, హాని ఉంటే పెద్దలకు తెలియదా అన్నది ఇంకో వాదన. గట్టిగా నిలిచే వాదనలా కనిపిస్తుంది. కానీ పెద్దలు గమనించినవి తినగానే వాంతి తెప్పించేవీ, ఒళ్లంతా దద్దురు తెచ్చేవీ. నెలల తరబడి లోపల పేరుకుని తర్వాత కాటేసే విషాన్ని అనుభవం పట్టుకోలేదు. బటర్‌బర్ మొక్కలో సహజంగానే ఉండే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు సరిగ్గా ఆ జాతివి. కాలేయంలోని సన్నటి రక్తనాళాలను మూసేసి, పొట్టలో నీరు చేరేలా చేస్తాయి. ఇదేదో యూరప్ సమస్య అనుకోనక్కర్లేదు. 1970ల మధ్యలో, అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజా జిల్లాలో జనం పొట్టలు ఉబ్బి చనిపోయారు. నమోదైన 67 మంది రోగుల్లో 28 మంది దక్కలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కూడా కారణం వెతుకుతూ వెళ్లారు. అక్కడి జనం తినే సామల్లో జనుము ప్రజాతికే చెందిన ఒక కలుపు మొక్క గింజలు కలిశాయి. ఆ గింజల్లో ఉన్నది ఈ ఆల్కలాయిడ్ల కుటుంబమే. రోజూ తినే గింజలోని విషాన్నే తినేవాళ్లు గుర్తుపట్టలేకపోయారు. అప్పుడప్పుడు వేసుకునే మూలిక విషయంలో ఎలా గుర్తుపడతారు?

ఆ ఆల్కలాయిడ్లను తీసేసిన మాత్రలు కొనుక్కుంటే సరి అనేవాళ్లున్నారు. సీసా మీద ‘పీఏ ఫ్రీ’ అని ఉంటుంది. శుద్ధి చేయని వేరును కషాయం కాచుకోవడం కంటే ఇది ఎంతో మేలు, సందేహం లేదు. అయితే జర్మనీ, బ్రిటన్ కలవరపడింది ఆ ఆల్కలాయిడ్లను వడకట్టిన మాత్రల విషయంలోనే. అంటే కాలేయానికి చేటు చేసేది వేరే ఏదైనా ఉండి ఉండాలి, లేదా కొందరి శరీరతత్వం ఆ మాత్రలను తట్టుకోలేకపోయి ఉండాలి. పైగా అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం ఇలాంటి సప్లిమెంట్లకు అమ్మకానికి ముందు ప్రభుత్వ అనుమతి అవసరం లేదు. సీసా మీది మాటకు పూచీ తయారీదారుదే. స్విట్జర్లాండ్‌లో అలర్జీకి ఆకు సారం ఔషధంగా నమోదైన మాట నిజం. కొలత కట్టిన ఆ మందు వేరు, ఆన్‌లైన్‌లో దొరికే సీసా వేరు. మొదటిదానికి వచ్చిన మంచి ఫలితాన్ని రెండోదానికి అంటగట్టకూడదు.

ఇంగ్లిషు మందులు మాత్రం కాలేయాన్ని విడిచిపెడతాయా అన్న మాటను కొట్టిపారేయను. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పోతుంది. కానీ ఎంత దాటితే ప్రమాదమో తెలుసు, విరుగుడు మందుంది. నొప్పి మాత్రలు నెలలో పదీ పదిహేను రోజులు దాటితే వాటివల్లే తలనొప్పి వస్తుందని కూడా తెలుసు. హద్దు తెలిసిన ప్రమాదానికి కాపలా పెట్టవచ్చు. బటర్‌బర్‌కు ఆ హద్దు ఇంకా ఎవరూ గీయలేదు.

తుమ్ముల కోసం దీన్ని చూసే మనవాళ్లకు మరో చిక్కుంది. బటర్‌బర్ చామంతి కుటుంబపు మొక్క. మన పొలం గట్లనూ ఖాళీ జాగాలనూ ఆక్రమించిన వయ్యారిభామదీ అదే కుటుంబం. ఆ కుటుంబపు మొక్కలు పడనివారు బటర్‌బర్‌కు దూరంగా ఉండాలని హెచ్చరికలున్నాయి. వయ్యారిభామ పుప్పొడికి కళ్లు మండి, ముక్కు కారి మందు వెతుక్కునే మనిషి దాని దాయాదినే మింగితే అలర్జీ తగ్గడానికి బదులు పెరగవచ్చు. సెటిరిజిన్‌తో మగత వస్తుందనుకుంటే, ముక్కులో కొట్టుకునే ఫ్లుటికసోన్ స్ప్రే గురించి డాక్టరును అడగవచ్చు.

ఇప్పటికే వాడుతున్నవారు మానేసి, ఒకసారి లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయించుకోవాలి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా, ఒళ్లు దురద పెట్టినా, కుడి డొక్కలో నొప్పి ఉన్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి, సీసా వెంట తీసుకెళ్లాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, మద్యం అలవాటున్నవారు, కాలేయ జబ్బున్నవారు దీని జోలికి అసలే పోకూడదు. క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటోయిన్ లేదా కార్బమజిపిన్ వాడేవారికి ముప్పు ఇంకా ఎక్కువ; ఆ మందులు కాలేయాన్ని ఉరకలెత్తించి, ఆల్కలాయిడ్లను మరింత వేగంగా విషంగా మారుస్తాయి. రోగి చెప్పకపోతే ఇవేవీ డాక్టరుకు తెలియవు. ‘ఏ మందులు వాడుతున్నారు’ అని అడిగితే చాలామంది మూలికలను మందుల్లో లెక్కవేయరు కాబట్టి, ‘ఆకులు, వేర్లు, పొడులు, విదేశాల నుంచి తెచ్చిన సీసాలు ఏమైనా ఉన్నాయా’ అని డాక్టర్లే విడిగా అడగాలి.