గని మూతపడిన తరువాత మిగిలే నేల

వికారాబాద్ జిల్లాలోని తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. అదే తాండూరు నాపరాయికి, సిమెంటుకు కూడా ప్రసిద్ధి. కంది పండేది పైనున్న నల్లరేగడిలో. సిమెంటుకు కావలసినది దాని అడుగున ఉన్న సున్నపురాయి. ఆ రాయిని చేరుకోవాలంటే ముందుగా పైనున్న నేలను తొలగించక తప్పదు. కడప, నంద్యాల, పల్నాడు, సూర్యాపేట జిల్లాల సున్నపురాతి ప్రాంతాలన్నింటిలోను పరిస్థితి ఇదే. ఇల్లు కట్టుకునే ప్రతి కుటుంబానికీ సిమెంటు అవసరం కనుక గనులు వద్దనడం సమంజసం కాదు. రాయి తీసుకున్నవారు నేలను ఏ స్థితిలో తిరిగి అప్పగించాలి, ఆ స్థితిని ఎవరు, ఎలా కొలవాలి అన్నవే వ్యవసాయ శాస్త్రవేత్తలు అడగవలసిన ప్రశ్నలు.

ఈ ప్రశ్నలకు సమాధానం వెదికేవారు కెన్యాలోని మొంబాసా సమీపాన ఉన్న బాంబూరి సిమెంటు కర్మాగారం అనుభవాన్ని తప్పక పరిశీలించాలి. 1954లో ఉత్పత్తి ప్రారంభించిన ఆ సంస్థ సముద్ర తీరంలోని పగడపు సున్నపురాయిని తవ్వింది. తవ్వకం ముగిసిన చోట మట్టి లేదు, నీడ లేదు. కొద్ది లోతులోనే ఉప్పునీరు. 1971లో ఆ భూమిని పునరుద్ధరించే బాధ్యతను సంస్థ స్విట్జర్లాండ్‌కు చెందిన రెనే హాలర్‌కు అప్పగించింది. ఆయన నాటి చూసిన 26 జాతుల చెట్లలో మూడు మాత్రమే నిలిచాయి: సరుగుడు, కోనోకార్పస్, కొబ్బరి.

వీటిలో ప్రధాన పాత్ర సరుగుడుది. కోస్తా ఆంధ్ర రైతులకు చిరపరిచితమైన ఈ చెట్టు ఉప్పును తట్టుకుంటుంది. దీని వేళ్ళ బుడిపెలలో నివసించే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది. అందువల్ల మట్టి లేని రాతిపై సైతం చెట్లు ఏపుగా పెరిగాయి. దూరం నుంచి చూసేవారికి పునరుద్ధరణ పూర్తయినట్లే కనిపించి ఉండవచ్చు. కానీ చెట్ల కింద రాలిన సూదులవంటి ఆకులు టానిన్ల కారణంగా కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకుపోయాయి. చెట్లున్నాయి, నేల మాత్రం ఏర్పడలేదు.

ఆ చిక్కుముడిని విప్పినది ఎరువు కాదు, యంత్రం కాదు, ఒక రోకలిబండ. ఎర్రని కాళ్ళుగల ఆ తీరప్రాంతపు జీవి సరుగుడు ఆకులను తినడం గమనించిన హాలర్, వాటిని వందల సంఖ్యలో సేకరించి తోటలో వదిలారు. అవి ఆకులను నమిలి విసర్జించిన పదార్థంపై బ్యాక్టీరియా పనిచేయగలిగింది. క్రమంగా రాతిపై హ్యూమస్ పొర ఏర్పడింది. ఆ తరువాతనే స్థానిక వృక్షజాతులు, గడ్డి, పశువులు, చేపల చెరువులు, వన్యప్రాణులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1984లో ప్రజల సందర్శనకు తెరిచిన ఆ ప్రదేశం నేడు హాలర్ పార్కుగా ప్రసిద్ధం. 1987లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం హాలర్‌కు 'గ్లోబల్ 500' గౌరవాన్ని ప్రకటించింది.

ఈ ఉదాహరణను అలాగే తెచ్చి రాయలసీమలో నాటబోతే అది శాస్త్రం కాదు. మొంబాసా తీరంలో ఏటా సుమారు 1,000 మి.మీ. వాన కురుస్తుంది, భూగర్భజలం దగ్గరలోనే ఉంటుంది. కడప గనులలో వాన చాలా తక్కువ, నీరు లోతు. కోనోకార్పస్ ప్రజాతి చెట్లపై తెలుగు రాష్ట్రాలలో ఇప్పటికే తీవ్రమైన అభ్యంతరాలు ఉన్నాయి. కాబట్టి బాంబూరి నుంచి గ్రహించవలసినది జాతుల పట్టిక కాదు, పని క్రమం. ముందు కఠిన పరిస్థితులను తట్టుకునే మొక్క, తరువాత ఆకు కుళ్ళే ప్రక్రియ, ఆ తరువాత హ్యూమస్, చివరకు వైవిధ్యం. ఈ క్రమంలో ఏ మెట్టు దాటవేసినా మొక్కలు నాటిన లెక్క మాత్రమే మిగులుతుంది.

మరొక ముఖ్యమైన తేడా కూడా ఉంది. బాంబూరిలో నేలను శూన్యం నుంచి నిర్మించవలసి వచ్చింది. ఇక్కడ చాలాచోట్ల తవ్వకానికి ముందే మంచి పైమట్టి ఉంటుంది. దానిని విడిగా తీసి, వీలైనంత త్వరగా పునరుద్ధరణకు వాడాలని, వెంటనే వాడలేకపోతే ప్రత్యేకంగా నిల్వ చేయాలని గనుల నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. అయితే పైమట్టి ఇసుక కుప్ప వంటిది కాదు. ఎత్తైన గుట్టగా ఏళ్ళ తరబడి నిల్వ ఉంచితే లోపలికి గాలి అందక మైకోరైజా శిలీంద్రాలు, వానపాములు, విత్తన నిధి క్షీణిస్తాయి. తక్కువ ఎత్తులో పరచి, స్టైలో, జనుము వంటి పప్పుజాతి మొక్కలతో కప్పి ఉంచడం కనీస జాగ్రత్త. తవ్విన చోట మిగిలే సున్నపు మట్టిలో ఉదజని సూచిక ఎక్కువ; భాస్వరం బంధింపబడుతుంది; ఇనుము, జింకు లోపాలు కనిపిస్తాయి. సున్నపు నేలల్లో వేరుశనగ ఆకులు పసుపు రంగుకు మారడం చూసిన విస్తరణ శాస్త్రవేత్తకు ఈ సమస్య కొత్తది కాదు. కానుగ, వేప, రేగు, సీతాఫలం వంటి మెట్ట జాతులను, అంజన్ గడ్డిని ఏ పాళ్ళలో, ఏ సేంద్రియ పదార్థంతో కలిపి పెంచాలో స్థానిక ప్రయోగాలే తేల్చాలి.

చట్టం ఈ విషయంలో పూర్తిగా మౌనంగా లేదు. గని మూసివేత ప్రణాళిక తప్పనిసరి. 2021లో సవరించిన నిబంధనల ప్రకారం ఆర్థిక హామీ ఏ తరగతి గనులకు హెక్టారుకు 5 లక్షల రూపాయలు, బి తరగతి గనులకు 3 లక్షల రూపాయలు. తవ్వకం ముగిసిన భూములలో పశుగ్రాసం, చెట్లు పెరిగేలా గడ్డి పెంచాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో ఆదేశించింది. లోటు ఉన్నది కొలమానంలో. సంస్థల వార్షిక నివేదికలు సాధారణంగా నాటిన మొక్కల సంఖ్యను, పచ్చబడిన విస్తీర్ణాన్ని చెబుతాయి. సేంద్రియ కర్బనం ఎంత పెరిగింది, వాన నీరు గంటకు ఎంత ఇంకుతున్నది, వేరు ఎంత లోతుకు దిగగలదు అన్నవి అరుదుగా కనిపిస్తాయి. సరుగుడు ఆకులు కుళ్ళకముందు బాంబూరి తోటను ఈ లెక్కల ప్రకారమే చూసి ఉంటే అది ఘనవిజయంగానే నమోదయ్యేది.

రైతు భూమికి 2015 నుంచి సాయిల్ హెల్త్ కార్డు ద్వారా 12 అంశాలలో పరీక్ష జరుగుతున్నది. పునరుద్ధరించిన ప్రతి గని భూమికి కూడా అటువంటి కార్డు ఉండాలి. నేల లోతు, స్థూల సాంద్రత, నీరు ఇంకే వేగం, వానపాముల సంఖ్య అందులో అదనంగా చేరాలి. తవ్వకానికి ముందు, పునరుద్ధరణ తరువాత 1, 3, 5, 10 సంవత్సరాలకు పరీక్షలు జరగాలి. వాటిని సంస్థ ఎంపిక చేసినవారు కాక వ్యవసాయ విశ్వవిద్యాలయాలు నిర్వహించి, ఫలితాలను గ్రామసభ ముందు ఉంచాలి. ఆర్థిక హామీని విడుదల చేయడం ఆ ఫలితాలతో ముడిపడి ఉండాలి. ఖర్చు పెరుగుతుందని పరిశ్రమ అనవచ్చు. అయితే తొలినాడే పైమట్టిని కాపాడుకున్న సంస్థకు చివరినాడు ఖర్చు తగ్గుతుంది. కాపాడని సంస్థ భారాన్ని గ్రామం మోయవలసిన అవసరం లేదు.

పునరుద్ధరణ బాగా చేసిన సంస్థను మెచ్చుకోవడంలో తప్పులేదు. అయితే ఒకచోట నెలకొల్పిన తోట మరొకచోట సారవంతమైన నల్లరేగడిని తవ్వడానికి అనుమతిపత్రం కాకూడదు. తిరిగి ఇవ్వలేని నేలలు కొన్ని ఉంటాయి; వాటిని ముందుగానే గుర్తించి చెప్పడం శాస్త్రవేత్త బాధ్యత. ఇంతవరకు గనుల పునరుద్ధరణ గని ఇంజనీర్లకు, అటవీ శాఖకు సంబంధించిన విషయంగానే మిగిలిపోయింది. పట్టభద్ర విద్యార్థులు తమ పరిశోధనాంశంగా ఒక పాత గని గుంతను ఎంచుకోవాలి. విస్తరణ శాస్త్రవేత్తలు తమ మండలంలోని గని చుట్టూ ఉన్న రైతులను కలిసినప్పుడు పచ్చని చెట్ల వరుసలతో తృప్తి పడక, గునపంతో ఒక జానెడు లోతు తవ్వి చూడాలి. అక్కడ తడి, మట్టి వాసన, వానపాము ఉన్నాయా లేదా అన్నదే ఆ సంస్థ చేసిన పనికి మొదటి పరీక్ష.