బోర్డు మారింది, నోరు మారలేదు

వీధికి పేరు పెట్టే అధికారం ప్రభుత్వానిది. ఆ వీధిని ఏమని పిలవాలో తేల్చుకునే అధికారం మాత్రం జనానిది. నగరపాలక సంస్థ తీర్మానం చేస్తుంది. కూడలిలో కొత్త బోర్డు లేస్తుంది. నాయకులు వచ్చి పూలదండ వేస్తారు, మర్నాడు పత్రికల్లో ఫోటో పడుతుంది. ఆ పత్రికను చంకన పెట్టుకుని ఆటో ఎక్కిన మనిషి మాత్రం పాత పేరే చెబుతాడు. ఆటో నడిపేవాడు మారు మాట్లాడకుండా అక్కడికే తీసుకుపోతాడు. ఇద్దరికీ ఆ బోర్డుతో పని పడదు.

విజయవాడనే చూడండి. నగరం నడిబొడ్డున సాగే పెద్ద రోడ్డుకు అధికారికంగా ఉన్న పేరు మహాత్మాగాంధీ రోడ్డు. జనం నోట అది బందరు రోడ్డు. ఏలూరు రోడ్డుకు కారల్ మార్క్స్ రోడ్డని పేరు పెట్టారు. దుకాణాల బోర్డుల మీద, ఉత్తరాల చిరునామాల్లో ఆ పేరు కనిపిస్తుంది. బస్సు కోసం నిలబడిన వాళ్లు మాత్రం ఏలూరు రోడ్డనే అంటారు. గాంధీజీ మీద గౌరవం లేక బెజవాడ వాళ్లు అలా అంటున్నారా? కానే కాదు. బందరు రోడ్డు బందరుకు పోతుంది, ఏలూరు రోడ్డు ఏలూరుకు పోతుంది. పేరులోనే దారి ఉంది. మహాత్మాగాంధీ రోడ్డు అన్నామనుకోండి, ఆ పేరు సికింద్రాబాదులోనూ ఉంది, దేశంలో ఇంకా ఎన్నో ఊళ్లలోనూ ఉంది. అది మహాత్ముని స్మరణకు పనికివచ్చినంతగా దారి చెప్పడానికి పనికిరాదు. ఇంతకూ ఈ 'బందరు' ఎక్కడిది? రేవుపట్టణం అనే అర్థంలో ఫారసీ నుంచి వచ్చిన మాట. మచిలీపట్నం అని కాగితాల మీద రాసినా, తెలుగువారు లడ్డును సైతం బందరు లడ్డు అనే పిలుచుకుంటున్నారు. ఆ లడ్డు తినేవారెవరూ అది ఏ భాష మాట అని అడగరు.

హైదరాబాదు సంగతి చెప్పనే అక్కరలేదు. రైల్వేవారి పట్టికలో హైదరాబాద్ దక్కన్ అని ఉన్న స్టేషన్ జనానికి నాంపల్లి స్టేషనే. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌ను నేటికీ ఇమ్లీబన్ అంటారు. ఇమ్లీబన్ అంటే చింతతోపు. తోపు పోయింది, బస్సులు వచ్చాయి, పేరు నిలిచింది. లక్డీకాపూల్‌లో కట్టెల వంతెన లేదు. నయాపూల్ ఏనాడో పాతబడింది, అయినా అది నయాపూలే. ఆబిద్స్‌కు ఆ పేరు తెచ్చిన ఆల్బర్ట్ ఆబిద్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆర్మీనియా జాతీయుడు. ఆయన దుకాణం పోయినా పేరు పోలేదు. కోఠీలో బ్రిటిష్ రెసిడెంటు భవనం పాలు పోసుకున్న మహిళా కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఆ వీరనారికి ఆ గౌరవం తగినదే. అయినా అక్కడ చదువుకున్న ఆడపిల్లలు 'కోఠీ ఉమెన్స్ కాలేజీ' అనడం ఇప్పట్లో మానరు.

సికింద్రాబాదులో ఇంకొక విచిత్రం చూస్తాం. ఆంగ్లేయుల కాలపు జేమ్స్ స్ట్రీట్ మహాత్మాగాంధీ రోడ్డయింది. కింగ్స్‌వే రాష్ట్రపతి రోడ్డయింది. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ సరోజినీదేవి రోడ్డయింది. మరి జనం ఏమంటున్నారు? ఎం.జి. రోడ్డు, ఆర్.పి. రోడ్డు, ఎస్.డి. రోడ్డు. ఎవరి జ్ఞాపకార్థం ఇంగ్లీషు పేర్లు తీసేశామో ఆ పెద్దలు రెండేసి ఇంగ్లీషు అక్షరాలుగా మిగిలారు. ఎస్.డి. అంటే ఎవరని ఆ రోడ్డున నడిచే కుర్రవాణ్ణి అడిగితే తడుముకోవలసిందే. పాత పేరు పోయింది, కొత్త పేరుకు గౌరవమూ దక్కలేదు. జేమ్స్ స్ట్రీట్ మాత్రం రైల్వేస్టేషన్ పేరుగా ఇంకా బతికే ఉంది.

అదే సికింద్రాబాదుకు జనం పెట్టుకున్న మరో పేరు లష్కర్. మూడో నిజాం సికిందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాదు వెలిసింది. అక్కడ దిగిన సైన్యాన్ని బట్టి జనం దాన్ని లష్కర్ అన్నారు. ఈ పేరును ఇవాళ అందరికంటే ఎక్కువగా నిలబెడుతున్నది ఉజ్జయిని మహంకాళి జాతర. ఆషాఢం వస్తే లష్కర్ బోనాలు అని ఊరంతా అంటుంది. అమ్మవారికి బోనమెత్తే ఆడపడుచుల నోట సైన్యమనే అర్థమున్న ఉర్దూ మాట ఎంత సహజంగా పలుకుతుందో గమనించండి. ఊరి పేర్లకు మతం అంటగట్టేవారు ఒక్కసారి ఈ మాట వినాలి.

ఇది మన రాష్ట్రాల ముచ్చట మాత్రమే కాదు. ఢిల్లీలో కన్నాట్ ప్లేస్‌కు 1995లో రాజీవ్ చౌక్ అని పేరు పెట్టినా ఊరివాళ్లు సీ.పీ. అనే అంటారు. కలకత్తాలో పార్క్ స్ట్రీట్‌కు 2004లో మదర్ థెరిసా పేరు పెట్టారు. అంతటి పుణ్యమూర్తి పేరు సైతం పార్క్ స్ట్రీట్‌ను జనం నోటి నుంచి తప్పించలేకపోయింది. మద్రాసులో అన్నాదురైని గుండెల్లో పెట్టుకున్నవారు సైతం అన్నా సాలైని మౌంట్ రోడ్డు అంటూనే ఉన్నారు. కన్నాట్ ఒక ఆంగ్ల ప్రభువు. ఆయన మీద ప్రేమతో ఎవరూ సీ.పీ. అనడం లేదు. పాత పేరును పట్టుకుని ఉండడం పాత పాలకుణ్ణి పట్టుకుని ఉండడం కాదని తెలుసుకోవడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? జనం పట్టుకుని ఉన్నది తమ బతుకును. పెళ్లి బట్టలు కొన్న బజారు, తండ్రి వేలు పట్టుకుని నడిచిన సందు, మొదటి జీతం అందుకున్న వీధి అన్నీ పాత పేరుతోనే గుర్తుంటాయి.

చరిత్రలో ఇంకా వెనక్కి వెళ్లినా ఇదే న్యాయం కనిపిస్తుంది. 1323లో ఓరుగల్లును జయించిన తుగ్లక్ సేనాని దానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టాడు. కుతుబ్‌షాహీ వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ గోల్కొండకు మహమ్మద్‌నగర్ అని పేరు పెట్టాడు. సుల్తానుల ఫర్మానాకు ఎదురేముంది? కాని ఓరుగల్లు వరంగల్లుగా నిలిచింది, గొల్లకొండ గోల్కొండగా నిలిచింది. సుల్తాన్‌పూర్, మహమ్మద్‌నగర్ చరిత్ర పుస్తకాల్లోకి వెళ్లిపోయాయి. నాడు గొల్లల కొండ పేరును కాపాడినదీ జనమే, నేడు లష్కర్ పేరును కాపాడుతున్నదీ జనమే. కనుక పేరు మార్చే ఉబలాటం ఒక్క మతం పాలకులకే ఉందనుకోవడం పొరపాటు. పేరు మార్పు వల్ల కలిగే బాధ ఒక్క మతం వారిదే అనుకోవడమూ పొరపాటే.

అలాగని కొత్త పేర్లన్నీ ఓడిపోతాయని కాదు. బ్రిటిష్ వారి అధీనంలో ఉన్న రెసిడెన్సీ బజార్లు 1933లో తిరిగి నిజాం చేతికి వచ్చాయి. అప్పుడు పెట్టిన సుల్తాన్ బజార్ అనే పేరును జనం ఇట్టే అందుకున్నారు. పలకడానికి తేలిక, తమ భాష, పైగా పరాయి పెత్తనం పోయిన సంతోషం. ఢిల్లీలో మెట్రో రైలు వచ్చాక స్టేషన్ పేరుగా రాజీవ్ చౌక్ రోజూ చెవిన పడుతోంది, కొత్త తరం ఆ పేరుకు అలవాటు పడుతోంది. మన హైదరాబాదు మెట్రో నాంపల్లి, లక్డీకాపూల్, ఖైరతాబాద్, మూసారాంబాగ్, సుల్తాన్ బజార్ వంటి జనం పేర్లనే స్టేషన్లకు ఉంచింది. ఇది మెచ్చుకోదగిన పని. రోజూ చెవిన పడే పేరు బతుకుతుంది, పడనిది చస్తుంది. ఇదే అసలు కిటుకు.

ఇక, మనసులు నొచ్చుకునే విషయానికి వద్దాం. 2015లో ఢిల్లీలో ఔరంగజేబు రోడ్డుకు డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం పేరు పెట్టారు. 2023లో ఔరంగజేబు లేన్‌కూ అదే పేరు వచ్చింది. కలాం గారు ఏ గౌరవానికైనా అర్హులు, అందులో రెండో మాట లేదు. కాని ఆయన పేరు పెట్టడానికి కొత్త రోడ్లు కరువయ్యాయా? ఒక పేరును తీసి మరొకటి అతికించినప్పుడు ఆ కొత్త పేరు గౌరవ చిహ్నంగా మిగలదు, మందలింపుగా వినిపిస్తుంది. రోడ్డుకు ఒకరి పేరు ఉన్నంత మాత్రాన వారు చేసిన ప్రతి పనినీ మెచ్చుకున్నట్లు కాదు. ఆ పేరు తీసేసినంత మాత్రాన వారు పాలించిన కాలం లేకుండానూ పోదు. ఇటువంటి సందర్భాల్లో ముస్లిం కుటుంబాల్లో కలిగే బాధ ఒక చక్రవర్తి గురించినది కాదు. 'రేపు మా మొహల్లా పేరు కూడా ఎవరికైనా కంటగింపు అవుతుందేమో' అన్న దిగులు అది. పాలకులు ఆ దిగులును అర్థం చేసుకోవాలి.

అయితే పాలకులను అడిగే ముందు మన ఇళ్లలోకీ ఒకసారి చూసుకోవాలి. మాసబ్ ట్యాంకు పేరును ఎవరూ మార్చలేదు. కాని అది 'మా సాహెబా' తలాబ్ అనీ, కుతుబ్‌షాహీ రాణి హయాత్ బక్షీ బేగంను జనం ప్రేమగా అలా పిలుచుకున్నారనీ మన పిల్లల్లో ఎందరికి తెలుసు? హయత్‌నగర్‌లో ఉన్నదీ ఆ తల్లి పేరే. బేగంపేటలో ఉన్న బేగం ఎవరు? నిజాం కూతురు బషీరున్నిసా బేగం. మొజంజాహీ మార్కెట్‌ను ఎం.జె. మార్కెట్‌గా కుదించింది ఏ ప్రభుత్వమూ కాదు, మన తొందరే. ఏడో నిజాం కొడుకు ముఅజ్జం జా పేరు రెండక్షరాలైపోయింది. సరోజినీదేవికి ఎస్.డి. అని జరిగిన అన్యాయమే ఆయనకూ జరిగింది. ఏ తీర్మానమూ లేకుండానే పేర్లు ఇలా మన నోట్లోనే అరిగిపోతున్నాయి. ప్రభుత్వం మార్చిన పేరుకు కనీసం ఒక తేదీ ఉంటుంది, అభ్యంతరం చెప్పడానికి ఒక అవకాశం ఉంటుంది. మరిచిపోయిన పేరుకు అదీ ఉండదు.

ఇది కేవలం మనసుకు సంబంధించిన విషయమనుకోరాదు. నిజాం కాలపు ఇంటి దస్తావేజులు చాలా వరకు ఉర్దూలో ఉన్నాయి. వాటిలో హద్దులు రాసింది నాటి వీధుల పేర్లతో, నాటి మొహల్లాల పేర్లతో. తాతలు పోయారు, ఉర్దూ చదివేవారు ఇంట్లో తగ్గారు. దస్తావేజులోని ఫలానా గలీ ఇవాళ ఏ వీధో చెప్పగలిగేవారు లేకపోతే ఆ కాగితం ఉండీ లేనట్లే. సొంత ఇంటికే ఇలా ఉంటే వక్ఫ్ భూముల మాట, కబ్రస్తాన్ల హద్దుల మాట ఏమిటి? పాత పేరు తెలిసిన చివరి ముసలాయన పోయిననాడు ఆ హద్దు కూడా ఆయనతోనే పోతుంది. తగాదా కోర్టుకెక్కిన తరువాత విచారించి లాభం లేదు.

అందుచేత ప్రతి కుటుంబమూ చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. ఇంటి దస్తావేజులను ఉర్దూ వచ్చినవారితో చదివించి, అందులోని వీధుల పేర్లనూ, వాటికి నేటి పేర్లనూ పక్కపక్కన తెలుగులో రాసి పెట్టుకోవాలి. చిరునామా మారిన చోట రేషను కార్డు, ఓటరు జాబితా, పాస్‌పోర్టు అన్నింటిలోనూ ఒకే తీరుగా ఉండేటట్లు చూసుకోవాలి. పెళ్లి కార్డుల్లో కొత్త పేరుతోపాటు పాత పేరూ వేయించాలి. అన్నింటికంటే ముఖ్యం, దాదీలు, నానీలు, తాతలు తమ మొహల్లాకు ఆ పేరు ఎలా వచ్చిందో పిల్లలకు కథగా చెప్పాలి. వాళ్లు చెప్పలేని రోజు రాకముందే ఎవరైనా ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. దీనికి ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు.

నగరపాలక సంస్థలను మనం కోరవలసింది కూడా పెద్దదేమీ కాదు. కొత్త కాలనీలు, కొత్త వంతెనలు, కొత్త రోడ్లు ఎన్నో వస్తున్నాయి. మహనీయుల పేర్లు వాటికి పెట్టండి. ఎక్కడైనా పాత పేరు మార్చవలసే వస్తే ముందు ఆ వీధివారిని అడగండి. మార్చిన బోర్డు మీద కొత్త పేరు కింద 'పూర్వపు పేరు' అని ఒక వరుస రాయించండి. ఆ ఒక్క వరుస ఊరికి కొత్తగా వచ్చినవాడికి దారి చెబుతుంది, ఊళ్లో పుట్టినవాడికి ఊరట ఇస్తుంది, దస్తావేజు పట్టుకుని తిరిగేవాడికి సాక్ష్యమవుతుంది.

గోల్కొండ పేరును కాపాడినవారి చేతిలో సైన్యం లేదు, పదవి లేదు. వారు తమ పిల్లలకు ఆ పేరు చెప్పారు, పిల్లలు తమ పిల్లలకు చెప్పారు. మన వీధి పేరు విషయంలోనూ మన చేతిలో ఉన్నది ఆ పనే. దాన్ని రేపటికి వాయిదా వేయరాదు.