హైకోర్టు కదిలింది – మన దూరం తరిగిందా?

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన పెద్దల సామెత. ఆ ఏడుపులో సగం వకీలు ఫీజుకైతే, మిగతా సగం దారి ఖర్చుకు. శ్రీకూర్మం రైతు భూమి తగాదా జిల్లా కోర్టు దాటి హైకోర్టుకెక్కిందంటే దూరప్రయాణం తప్పదు. ఏ ఊరు పోవాలన్నది మాత్రం చట్టం మారినప్పుడల్లా మారుతూ వచ్చింది.

1861లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టంతో 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడింది. తొంభై ఏళ్లకు పైగా మనకదే దిక్కు. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టు కోస్తా, రాయలసీమలకు చెరొకటి అనుకున్నారు. ఆ ప్రకారమే 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక రాజధాని కర్నూలుకు పోయింది. 1954 జూలై 5న హైకోర్టు గుంటూరులో వెలిసింది. కోకా సుబ్బారావుగారు తొలి ప్రధాన న్యాయమూర్తి. రెండేళ్లు తిరిగీ తిరక్కుండా, 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో అది హైదరాబాదుకు తరలింది. 2014 విభజన తర్వాత కొన్నాళ్లు ఉమ్మడిగా నడిచి, 2019 జనవరి 1న అమరావతికి చేరింది. 2020లో న్యాయ రాజధాని కర్నూలంటూ చట్టం చేశారు. 2021లో ఆ చట్టాన్నే రద్దు చేశారు.

ఈ చరిత్రంతా చూస్తే ఏమనిపిస్తుంది? అన్నదమ్ముల పంపకాల్లో ఇత్తడి బిందెలాగా హైకోర్టును ఒక వాటాగానే చూశారు. కక్షిదారు ఎన్ని మైళ్లు రావాలన్న ప్రశ్న వెనకబడిపోయింది. ఉత్తరాంధ్రకు ఆ పంపకంలో హైకోర్టు ఎన్నడూ దక్కలేదు.

దారి లేకపోలేదు. 2014 చట్టం 31వ సెక్షన్ ప్రకారం గవర్నరు ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి రాష్ట్రంలో మరోచోట కూడా న్యాయమూర్తుల్ని కూర్చోబెట్టవచ్చు. తమిళనాడుకు 2004లో మధురైలో బెంచి వచ్చింది. కర్ణాటకకు ధార్వాడ, గుల్బర్గాలలో 2008లో సర్క్యూట్ బెంచీలు వచ్చి, 2013లో శాశ్వతమయ్యాయి. అలాంటిదే విశాఖలో ఒక బెంచి మనం అడిగితే తప్పేముంది?

కోర్టును ముక్కలు చేస్తే ప్రమాణం పడిపోతుందని కొందరు పెద్దలంటారు. ఆ మాట కొట్టిపారేయదగింది కాదు. కాని ప్రమాణం ఎంత గొప్పదైనా, దాని గడప తొక్కలేనివాడికి ఏం లాభం?

మన శ్రీకూర్మనాథుడు తాబేలు రూపమెత్తింది మందర పర్వతాన్ని మోయడానికి. మన కక్షిదారు మోస్తున్నదీ కొండంత బరువే. దాన్ని దించమని అడగవలసింది చదువుకున్న మనమే.