అదనపు ఆటగాడితో ఒప్పందం అవసరమా?

అండమాన్‌లో పడవ ఇంజను పాడైతే విడిభాగం ఓడలో వచ్చేదాకా ఆగాల్సి రావచ్చు. అందుకే ఒకటి అదనంగా ఉంచుకుంటారు. ఆటల జట్టుకూ ఈ జాగ్రత్త అవసరం.

విశాఖపట్నానికి చెందిన వికెట్‌కీపర్ కోన శ్రీకర్ భరత్ సంగతి చూడండి. 2021 నవంబరు కాన్పూర్ టెస్టులో అతను తుది జట్టులో లేడు. వృద్ధిమాన్ సాహాకు మెడ పట్టేయడంతో అతని బదులు మైదానంలోకి దిగాడు. రెండు క్యాచ్‌లు పట్టాడు, ఒక స్టంపింగ్ చేశాడు.

2023-24లో భరత్‌కు వార్షిక ఒప్పందం ఇచ్చిన క్రికెట్ బోర్డు, 2025 ఏప్రిల్ జాబితాలో అతని పేరు చేర్చలేదు. అది సరైనదేనని కొందరు అంటారు. 7 టెస్టుల్లో అతను చేసినవి 221 పరుగులే. పైగా యువకుడైన ధ్రువ్ జురెల్ అందివచ్చాడు. పరుగుల లెక్క చూస్తే ఈ వాదనను కాదనలేం.

అయితే అదనపు ఆటగాడిని పరుగులతోనే కొలవకూడదు. పిలిచిన వెంటనే పని అందుకోగలడా అనేదే అసలు కొలత. 2025 జూలైలో మాంచెస్టర్‌లో రిషభ్ పంత్ కాలికి గాయమైంది. జురెల్ కీపింగ్ చేశాడు. మరి జురెల్ వెనుక ఎవరు? తర్వాతి టెస్టు కోసం తమిళనాడు కీపర్ నారాయణ్ జగదీశన్‌ను పిలిపించాల్సి వచ్చింది. కాబట్టి భరత్ ఒప్పందాన్ని కొనసాగించి ఉండాల్సిందని నా అభిప్రాయం.

మీరు ఏకీభవిస్తారా? కారణాలు చూపుతూ ఐదు వాక్యాలు రాయండి.