కలము తెంచిన సంకెలలు

పద్యము ఆకలి తీర్చదు. చిత్రము చెఱసాల తలుపు తెరువదు. అట్లయినచో అన్యాయము నెదిరించుటకు కవిత్వ మేల, కళ లేల అని కొందరు ప్రశ్నింతురు. ప్రశ్న సహేతుకమైనదే. దానికి చరిత్రయే సమాధానము చెప్పగలదు.

పదునెనిమిదవ శతాబ్దమున ఆఫ్రికా ఖండమునుండి లక్షలాది స్త్రీపురుషులను ఓడలలో కుక్కి, అమెరికాకు తరలించి, సంతలో పశువులను అమ్మినట్లు అమ్ముచుండిరి. ఈ ఘోరమునకు తుపాకులును చట్టములును అండగా నిలిచినవి. వానికంటె బలమైన ఆధార మింకొకటి కలదు. నల్లనివారికి బుద్ధి లేదు, రసజ్ఞత లేదు, వారు తక్కినవారివంటి మనుష్యులే కారు అను అబద్ధమే ఆ ఆధారము. ఇనుప సంకెలను సుత్తితో పగులగొట్టవచ్చును. మనస్సులో పాతుకొనిన అబద్ధమును సుత్తి యేమి చేయగలదు? అచ్చటనే సాహిత్యమునకు పని కలిగినది.

1761లో ఏడెనిమిదేండ్ల బాలిక యొకతె బోస్టను నగరమున అమ్ముడుపోయెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు మఱుగుపడి, తెచ్చిన ఓడ పేరే ఆమెకు పేరయ్యెను. ఆమెయే ఫిలిస్ వీట్లీ. కొన్న యింటివారు చదువు చెప్పగా, ఆమె స్వల్పకాలములోనే ఇంగ్లీషు నేర్చి, లాటిను కూడ అభ్యసించి, పద్యములు వ్రాయసాగెను. 1773లో ఆమె కవితాసంపుటము లండనులో అచ్చయ్యెను. ఆ గ్రంథము మొదట విచిత్రమైన పత్ర మొకటి కలదు. ఈ పద్యములను ఈ బాలికయే వ్రాసినదని పదునెనమండ్రు బోస్టను ప్రముఖులు పేర్లు పెట్టి యిచ్చిన ధ్రువపత్ర మది. ఏ తెల్లకవికిని అక్కఱలేని సాక్ష్యము ఆమెకు కావలసివచ్చెను! ఆనాటి అబద్ధ మెంత బలమైనదో ఆ పత్రము చెప్పుచున్నది. ఆ అబద్ధమునకు ఖండనము దాని వెనుక పుటలలోని పద్యములే. ఫిలిస్ దాస్యవిముక్తి పొందినను, 1784లో పేదఱికముననే మరణించెను. కవిత్వ మామెకు అన్నము పెట్టలేదు. కాని ఆమె జాతికి బుద్ధి లేదనువారి నోటికి తాళము వేసెను.

చిత్రకళయు నీ పోరాటమున పాల్గొన్నది. 1787లో ఇంగ్లండున పింగాణిపనిలో పేరుగన్న జొసయా వెడ్జ్‌వుడ్ చిన్న బిళ్ల నొకదానిని చేయించెను. సంకెలలతో మోకరిల్లి, చేతులు జోడించి వేడుకొను బానిస రూపము దానిపై కలదు. స్త్రీలు దానిని కంకణములలోను, తలపిన్నులలోను పొదిగించుకొనిరి. 1807లో బ్రిటిషు పార్లమెంటు బానిసల వ్యాపారమును నిషేధించుటకు తోడ్పడిన ప్రజాభిప్రాయమున దానికిని భాగము కలదు. అయినను ఒక్క మాట చెప్పక తప్పదు. ఆ చిత్రములోని మనుష్యుడు మోకాళ్లమీదనే యున్నాడు. జాలి మేలు చేయును. కాని జాలిపడువాడు పైనను, జాలి పొందువాడు క్రిందను ఉందురు.

1852లో హారియట్ బీచర్ స్టో అను తెల్లజాతి రచయిత్రి వ్రాసిన ‘అంకుల్ టామ్స్ కాబిన్’ నవలకును ఇదే గతి పట్టెను. ఒక్క యేటిలో అమెరికాలో మూడు లక్షల ప్రతులు అమ్ముడుపోయి, అది దేశమును కుదిపివేసెను. ఆ మేలు కాదనరానిది. తరువాతి కాలమున ఆ కథను ఆడిన నాటకములు టామ్ పాత్రను దిగజార్చగా, ఆ పేరు దొరలకు తలయొగ్గువానికి నిందావాచకమయ్యెను. ఒకరి బాధను వేఱొకరు చెప్పుటలో ఇట్టి చిక్కు కలదు.

ఫ్రెడరిక్ డగ్లస్ తన కథను తానే చెప్పెను. మేరీలాండున బానిసగా పుట్టిన ఆయనకు యజమానురాలు అక్షరములు నేర్పసాగెను. చదువు వచ్చినవాడు బానిసగా పనికిరాడని యజమాని దానిని మాన్పించెను. ఆ నిషేధమే బాలునికి ఉపదేశమయ్యెను! వీథి బాలురకు రొట్టెముక్క లిచ్చి వారివలన చదువు నేర్చెను. 1838లో తప్పించుకొనిపోయి, దాస్యమును ఖండించుచు ఉపన్యాసము లిచ్చెను. ఇంత చక్కగా మాటలాడువాడు బానిసయై యుండడని కొందరు శంకించిరి. అందుకు ఆయన 1845లో ఆత్మకథ ప్రకటించి, యజమానుల పేర్లను, ఊళ్లను బయటపెట్టెను. దానివలన మరల పట్టుబడు ప్రమాద మేర్పడి, బ్రిటనునకు వెళ్లవలసివచ్చెను. మిత్రులు సొమ్ము చెల్లింపగా 1846లో ఆయనకు చట్టప్రకారము విముక్తి లభించెను. తెల్లజాతి చిత్రకారులు నల్లనివారి ముఖములను వికృతముగా గీయుదురని తలచి, ఆయన నూటికి మించి ఫొటోలు తీయించుకొనెను. ఆ చిత్రములలోని డగ్లస్ చూపులో ధైర్యమే కాని దైన్యము లేదు.

దాస్యము తొలగినది యుద్ధమువలనను చట్టమువలనను గదా యని అనవచ్చును. నిజమే. 1861 మొదలు 1865 వఱకు అంతర్యుద్ధము జరిగెను. 1865లో రాజ్యాంగ సవరణ వచ్చెను. కాని 74 ఏండ్ల తరువాత 1939లో గాయని మేరియన్ ఆండర్సన్‌కు నల్లజాతి స్త్రీ యను కారణమున వాషింగ్టనులోని సభామందిర మొకటి తలుపు మూసెను. ఏప్రిల్ 9న ఆమె లింకన్ స్మారకమందిరపు మెట్లపై, ఆకసము క్రింద పాడెను. సుమారు 75 వేలమంది వినిరి. చట్టము చేతులను కట్టివేయగలదు. మనస్సును మార్చు పని కళకు మిగిలియున్నది.

ఈ కథ మనకు దూరమైనది కాదు. జ్యోతిబా ఫూలే 1873లో తన ‘గులాంగిరీ’ గ్రంథమును బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకు అంకితము చేసెను. గుడిలో అడుగుపెట్టరాదన్న నిషేధమునకు గుఱియైన మనుష్యుడు గుడిలో తిరుగు గబ్బిలముతో తన మొఱను శివునకు పంపుటయే 1941లో గుఱ్ఱం జాషువ వ్రాసిన ‘గబ్బిల’పు కథ. వర్ణవివక్షయు కులవివక్షయు ఒకటి కావు. కాని మనిషిని పుట్టుకతో కొలుచుట రెండింటికిని వేరు.

కావున విద్యార్థులు బాధితులనుగూర్చి చదువుట మంచిది. బాధితులు వ్రాసినది చదువుట అంతకంటె మంచిది. చదువునప్పుడు ఈ వ్రాసినవా రెవరు, ఏ కులము, ఏ రంగు అను విచారణ ముందు వలదు. ఫిలిస్ పద్యములకు పదునెనమండ్రు సాక్షులు కావలసివచ్చిరి. ఇకమీద ఏ కవికిని సాక్షి అక్కఱలేకుండ చేయవలసినవారు చదువరులే.