ఆపమని చెప్పే గంట

"మావాడు తెల్లవారుజామున నాలుగింటికే లేస్తాడండీ. రాత్రి పదింటిదాకా పుస్తకం ముందునుంచి కదలడు. అయినా మార్కులు మాత్రం అంతంతమాత్రమే!" కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళం ఈ మాట ఏటా ఎన్నిసార్లు వింటామో లెక్కలేదు. తండ్రి గొంతులో కోపం, తల్లి కళ్ళల్లో దిగులు. పిల్లవాడేమో నేలచూపులు చూస్తూ నిలబడతాడు. పాపం, అతను కూర్చున్నమాట నిజమే. కాని కూర్చోవడం వేరు, చదవడం వేరు. పుస్తకం తెరిచివుంచిన గంటలు లెక్కపెడుతున్నామే గాని, ఆ గంటల్లో మనసు ఎంతసేపు పుస్తకం మీద వుందో చూసేవారు లేరు.

ఇలాంటివారికి అక్కరకు వచ్చే చిన్న సాధనం ఒకటుంది. ఇంటర్వెల్ టైమర్ అంటారు. అలారం ఒక్కసారి మోగి వూరుకుంటుంది. ఇది అలా కాదు. ఇంతసేపు పని, ఇంతసేపు విరామం, ఇన్ని విడతలు అని ముందుగా చెప్పిపెడితే, పనికి ఒకసారి, విరామానికి ఒకసారి తనంతట తానే మోగుతూ పోతుంది. సెల్‌ఫోన్లో ఉచితంగానే దొరుకుతుంది. అయితే ఫోను తెరిస్తే టైమరొక్కటే కనబడదు గదా! అంచేత చదువుకొనే పిల్లలకు, చేత్తో తిప్పిపెట్టే వంటింటి టైమరే మేలు.

పేరు కొత్తదైనా సంగతి మనకు మరీ కొత్తది కాదు. పూర్వం అడుగున సన్నని బెజ్జం వున్న గిన్నెను నీళ్ళతొట్టిలో తేల్చేవారు. నీరు మెల్లగా ఎక్కి గిన్నె మునిగితే ఒక గడియ అయినట్టు. ఆ గిన్నెకు తెలుగులో గడియకుడుక అని చక్కని పేరు. గడియకు 24 నిమిషాలు, రోజుకు 60 గడియలు. 1980ల చివర ఇటలీలో ఫ్రాన్సిస్కో సిరిల్లో అనే విద్యార్థి, చదువు మీద మనసు నిలవక, టమాటా ఆకారంలో వున్న వంటింటి టైమరు ముందు పెట్టుకొని ఒక పద్ధతి ఏర్పరచుకున్నాడు. 25 నిమిషాలు చదువు, 5 నిమిషాలు విరామం. నాలుగు విడతలయ్యాక 15 నుంచి 30 నిమిషాల పెద్ద విరామం. ఇటాలియన్ భాషలో టమాటాను పొమొదోరో అంటారు. పద్ధతికీ ఆ పేరే స్థిరపడింది. మన గడియకూ ఆయన విడతకూ తేడా ఒక్క నిమిషం! కాకతాళీయమే గనక, మనం మీసాలు దువ్వుకోనక్కరలేదు.

గడియకుడుక అనగానే లీలావతి కథ జ్ఞాపకం వస్తుంది. భాస్కరాచార్యుల గణిత గ్రంథాన్ని 1587లో ఫైజీ పారశీకంలోకి అనువదిస్తూ చెప్పిన కథ అది. కూతురి పెళ్ళి ముహూర్తానికి ఆచార్యులు గడియకుడుక ఏర్పాటు చేశారట. లీలావతి కుతూహలం కొద్దీ వంగి చూస్తుంటే, ఆమె నగలోని ముత్యం జారి గిన్నెలో పడి బెజ్జానికి అడ్డుపడిందట. గిన్నె మునగలేదు, ముహూర్తం దాటిపోయింది. ఇది కథే కావచ్చు గాని అందులో ఒక నీతి వుంది. కాలం చూసే పని గడియారానికి అప్పగించాక, మనం మాటిమాటికీ తొంగిచూడకూడదు. టైమరు చేసే మొదటి మేలు అదే. "ఇంకా ఎంతసేపుంది?" అన్న గోల మన నెత్తిమీద నుంచి దించుతుంది.

రెండవ మేలు అంతకంటె పెద్దది. ఆపమని చెబుతుంది. గంట మోగగానే చదువుతున్న వాక్యం ముగించి, ఎక్కడ ఆగిందీ గుర్తుపెట్టి లేవాలి. నాలుగడుగులు నడిచి, మంచినీళ్ళు తాగి, కిటికీలోంచి దూరంగా చూడాలి. ఆ అయిదు నిమిషాలూ ఫోను పట్టుకుంటే అది విరామం కాదు, మరో పని. తర్వాతి విడతలో మొదట పుస్తకం మూసి, చదివింది జ్ఞాపకం చేసుకొని రాసి చూడాలి. చిన్నపిల్లలకు 15 నిమిషాల విడత చాలు.

విరామం బద్ధకమేమో అనుకొనేవారు పరుగు పందేల చరిత్ర చూడండి. 1930లలో జర్మనీలో గెర్ష్లర్ అనే శిక్షకుడు, రైన్‌డెల్ అనే వైద్యుడు కలిసి, వేగంగా పరుగు, కొంత విరామం, మళ్ళీ పరుగు అనే సాధనను శాస్త్రీయంగా రూపొందించారు. గుండె బలపడేది ఆ విరామంలోనే అని వారి అభిప్రాయం. చెకొస్లొవేకియా వీరుడు ఎమిల్ జాటోపెక్ కూడా వేగం, నెమ్మది మార్చి మార్చి పరుగెత్తి సాధన చేసినవాడే. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడింటిలోనూ ఆయనదే స్వర్ణం.

మనకు స్వర్ణాలక్కరలేదు, మోకాళ్ళు నిలిస్తే చాలునంటారా? జపానులో షిన్షు విశ్వవిద్యాలయం వారు మధ్యవయస్కుల చేత, పెద్దవారి చేత మూడు నిమిషాలు జోరుగా, మూడు నిమిషాలు నింపాదిగా, అలా అయిదు విడతలు, వారానికి నాలుగు రోజులు నడిపించారు. అయిదు నెలలయ్యేసరికి, ఒకే తీరున నడిచినవారికంటె వీరికి తొడల బలం హెచ్చింది, రక్తపోటు తగ్గింది. ఆ ఫలితాలు 2007లో వెలువడ్డాయి. అరగంట పని! గుండెజబ్బు వున్నవారు మాత్రం వైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టాలి.

ఇక శ్వాస సంగతి. ఛందస్సు చదివినవారికి గురువు, లఘువు తెలుసు. పది గురువులు పలికే కాలానికి మనవారు ప్రాణము అని పేరు పెట్టారు. ఒక శ్వాసకు పట్టే కాలం అదేనన్నారు. సుమారు నాలుగు సెకన్లు. అంటే నిమిషానికి పదిహేను శ్వాసలు, రోజుకు 21,600. పెద్దవారి సహజశ్వాస నిమిషానికి 12 నుంచి 20 అని నేటి వైద్యులు చెప్పేదానికి అది సరిగ్గా అమరుతుంది. శ్వాసను ఆరుకు తగ్గిస్తే గుండె, రక్తప్రసరణల సహజ లయలు పుంజుకుంటాయని, జపమాల ప్రార్థనలోనూ మంత్రజపంలోనూ శ్వాస సహజంగానే ఆ ఆరుకు చేరుతుందని 2001లో ఇటలీ వైద్యుల పరిశోధన ఒకటి తేల్చింది. టైమరును 4 సెకన్లు పీల్చడానికి, 6 సెకన్లు విడవడానికి పెట్టుకొని, కళ్ళు మూసుకొని అయిదు నిమిషాలు కూర్చోండి. ముప్ఫయి శ్వాసలవుతాయి. ఊపిరి బిగబట్టే కుంభకం మాత్రం గురువు లేకుండా వద్దు. గర్భిణులు, రక్తపోటు వున్నవారు అసలే వద్దు. మందులు మానకూడదని వేరే చెప్పాలా?

ఇంతవరకూ బాగానే వుంది. అబ్బాయి చదువుకు టైమరు, నాన్నగారి నడకకు టైమరు, తాతగారి శ్వాసకు టైమరు. మరి ఇల్లాలికో? అబ్బాయికి గంట మోగగానే "అమ్మా, కాఫీ!" అని కేక. అతని విరామం ఆమెకు పని. నాన్నగారు నడిచి వచ్చేసరికి మంచినీళ్ళు, తాతగారు కళ్ళు తెరిచేసరికి ఫలహారం. ఆమె పనికి మొదలుందే గాని, ఆపమని మోగే గంట లేదు.

అంచేత, టైమరు పెట్టుకొనే ఇళ్ళవారు ఒక నియమం కూడా పెట్టుకుంటే బాగుంటుంది. అయిదు నిమిషాల విరామంలో ఎవరి కాఫీ వారే కలుపుకొని, ఎవరి గ్లాసు వారే కడిగి పెట్టాలి. పిల్లవాడికి కాళ్ళు సాగుతాయి, కళ్ళకు విశ్రాంతీ దొరుకుతుంది. నాలుగు విడతల తర్వాత వచ్చే పెద్ద విరామంలో ఇల్లాలు కూర్చోవాలి, మిగిలినవారు లేవాలి. ఆ అరగంటలో ఆమె ఈ పత్రికలో సీరియలే చదువుకుంటుందో, కునుకే తీస్తుందో, అది ఆమె యిష్టం. గంట మోగేదాకా మాత్రం ఎవరూ పిలవకూడదు.