సాగు ఒకరిది, సాయం మరొకరికా?

పంటకు పెట్టుబడి సాయమంటూ తెలంగాణ సర్కారు ఇచ్చే సొమ్ము పెట్టుబడి పెట్టే చేతికే అందడం లేదు. 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైన నాటి తప్పు ఇది. ప్రభుత్వం మారింది, పథకం పేరు రైతు భరోసాగా మారింది, ఎకరాకు సీజన్‌కు ఇచ్చే మొత్తం 4 వేల నుంచి 6 వేలకు పెరిగింది. కౌలుదారుకు దక్కింది మాత్రం నాడూ నేడూ సున్నాయే.

జగిత్యాల జిల్లా ముత్యంపేట నుంచి కోరుట్ల, సిరిసిల్ల దాకా ఏ ఊరు తిరిగినా కనిపించే సంగతే ఇది. పట్టాదారు గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు. దుక్కి దున్నేది, నాటు కూలి కట్టేది, యూరియా బస్తా కోసం సొసైటీ ముందు నిలబడేది కౌలుదారు. పంట ఇంటికి రాకముందే కౌలు ముట్టజెప్పాలి. పాసుపుస్తకం లేదు గనుక బ్యాంకు అప్పు పుట్టదు. వడ్డీ వ్యాపారే దిక్కు. ‘జమ అయింది’ అన్న మెసేజ్ మాత్రం పట్టాదారు ఫోనుకు పోతుంది. 2024లో మాఫీ అయిన 2 లక్షల పంట రుణమూ పాసుపుస్తకం ఉన్నవారిదే. కష్టం భరించలేక కౌలు రైతు ప్రాణం పోతే, ఆ ఇంటికి 5 లక్షల రైతు బీమా కూడా రాదు.

2022 మే 6న వరంగల్ డిక్లరేషన్‌లో కాంగ్రెస్ ఏం చెప్పింది? రైతులతో పాటు కౌలు రైతులకూ ఏడాదికి ఎకరాకు 15 వేలు ఇస్తామంది. అధికారంలోకి వచ్చాక 15 వేలు 12 వేలయ్యాయి, కౌలుదారు ఊసే లేకుండా పోయింది. 2025 జూన్‌లో తొమ్మిది రోజుల్లో దాదాపు 9 వేల కోట్లు జమ చేశామని గొప్పగా చెప్పుకున్న ప్రభుత్వం, ఆ సొమ్ములో దున్నేవాడికి చేరిందెంతో చెప్పాలి. 2015లో మూతపడ్డ తమ ఊరి చక్కెర ఫ్యాక్టరీని తెరిపిస్తామన్న మాటను ఎన్నిక ఎన్నికకూ వింటున్న ముత్యంపేట రైతుకు మరో తప్పిన మాట కొత్తేమీ కాదు. అంతమాత్రాన పాలకుల తప్పు ఒప్పయిపోదు.

కౌలుదారు పేరు రికార్డుకెక్కితే భూమి పోతుందేమోనన్న పట్టాదారు భయానికి జవాబు చట్టంలోనే ఉంది. 2011 నాటి భూఅధీకృత సాగుదారుల చట్టం కింద ఇచ్చే రుణ అర్హత కార్డు గడువు ఏడాదే. దానివల్ల భూమిపై ఏ హక్కూ రాదు. ఆ చట్టం రద్దు కాలేదు, అమలును గాలికొదిలేశారు. ఒడిశా ‘కాలియా’ పథకంలో కౌలుదారులనూ భూమిలేని వారినీ చేర్చింది. ఆంధ్రప్రదేశ్ 2019లో భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు సాయం ఇచ్చింది. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు కాదు?

ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈవోలు) ప్రతి సీజన్‌లో నమోదు చేస్తూనే ఉన్నారు. అదే పట్టికలో సాగుచేసే మనిషి పేరు రాయడానికి కొత్త శాఖ అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. గ్రామసభ పెట్టి కౌలుదారులను గుర్తించాలి, కార్డులివ్వాలి, సాయాన్నీ బీమానూ వారికి వర్తింపజేయాలి. వచ్చే వానాకాలం విత్తనం పడేలోగా ఈ పని పూర్తి చేయాలి. పొలంలో లేని వాడికి పెట్టుబడి సాయం ఇచ్చి, దున్నేవాడిని అప్పులపాలు చేయడం అన్యాయం; దాన్ని సరిదిద్దే బాధ్యత ఇచ్చిన మాట తప్పిన ప్రభుత్వానిదే.